మామూలు పాదాలు

డిస్కుల అక్క సీపీయూని ఒళ్ళోకి ఒరిగించుకుని వెనక స్క్రూలు విప్పింది. పక్క రేకు జారగానే గుప్పున తోలు వాసన వచ్చింది. ఏ దుకాణంలో పనిచేసే డబ్బా ఆ దుకాణం వాసన మోస్తుంది. పిండిమర డబ్బాలో పిండి, మంగలి షాపు డబ్బాలో వెంట్రుకలు. ఇందులో తోలు పొట్టు, జిగురు మరకలు, ఫ్యాను రెక్కలకి చుట్టుకుపోయిన దారం. ఆమె పట్టకారుతో దారాన్ని లాగేసి, కేబుళ్ళు ఊడదీసి, హార్డ్ డిస్క్‌ని బయటికి తీసింది. తిరగేసి చూసింది. చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా కదిపింది.

“ఏమంటోంది?” అన్నాడు ఎదురుగా స్టూలు మీద కూర్చున్న జోళ్ళ బాబాయ్.

“డిస్కుకి దెబ్బేమీ తగల్లేదు బాబాయ్. ఒళ్ళు బాగానే ఉంది. లోపల రాసిన దాని సంగతే తెలీదు.”

“బాగుంది. మనిషి నిక్షేపంలా ఉన్నాడు, ప్రాణం ఉందో లేదో చూడాలి అన్నట్టు.”

గుమ్మంలో నిలబడ్డ బాబాయ్ అల్లుడు నవ్వలేదు. గదిలో ఇద్దరికే చోటు. అది నిజానికి గది కాదు, నాలుగంతస్తుల దుకాణాల భవనంలో మెట్ల కింద మిగిలిన జాగా. లోపలికి రావాలంటే ఎంతటివాడైనా తల వంచాల్సిందే. పైన ఎవరు మెట్లు దిగినా గోడమీది స్క్రూడ్రైవర్లు సన్నగా వణుకుతాయి.

అక్క ఒకప్పుడు అచ్చాఫీసులో టైపు చేసేది. అక్కడి కంప్యూటరు చచ్చిపోయినప్పుడు బాగుచేసేవాడి కోసం వారాల తరబడి ఎదురుచూడలేక తనే విప్పింది. విప్పడం తెలిసింది, బిగించడం తెలియలేదు. ఉద్యోగం పోయింది. ఆ పంతంతో పాత ఇనుము కొట్టులో పాడైన డిస్కులు తూకానికి కొనుక్కొచ్చి, వంటింటి బల్లమీద ఒక్కొక్కటీ పాడుచేస్తూ నేర్చుకుంది. “నిన్ను చేసుకున్నప్పుడు అత్తగారు లేరని సంబరపడ్డాను, ఇప్పుడు ఇంటినిండా అత్తగార్లే,” అని ఆ డిస్కుల్ని చూపించి వాళ్ళాయన వేళాకోళం చేసేవాడు. ఇప్పుడు వేళాకోళమూ తగ్గింది, పనీ తగ్గింది. కొత్త యంత్రాల్లో అన్నీ మదర్‌బోర్డు పలకకే అతికించి వస్తున్నాయి, విప్పేందుకు ఏమీ ఉండదు. ఆమె దగ్గరికి ఇంకా వచ్చేవి అందరూ చెయ్యి పెట్టి వదిలేసినవే. ఆసుపత్రికి తెచ్చినట్టు కాదు, శవపరీక్షకి తెచ్చినట్టు తెస్తారని ఆమె అంటూ ఉంటుంది.

జోళ్ళ బాబాయ్ దుకాణం అదే భవనంలో రెండో అంతస్తులో చివరిది. వంకర పాదాల వాళ్ళకి, ఒక కాలు పొట్టైన వాళ్ళకి, వేళ్ళు ముడుచుకుపోయిన వాళ్ళకి ఆయన జోళ్ళు కుడతాడు. అలాంటి పాదానికి కొలత ఒక్కసారితో తేలదు. వేసుకుని నడిచి, ఎక్కడ ఒరుసుకుందో చెప్పి, మళ్ళీ కోసి, మళ్ళీ నడిచి, ఏళ్ళ తరబడి దిద్దితే గానీ ఒక గీత కుదరదు. మొదట్లో ఆ గీతలన్నీ అట్టముక్కల మీద ఉండేవి. తర్వాత కంప్యూటరుకి తగిలించే కోత బల్ల కొన్నాడు. కూతురు కూర్చుని అట్టలన్నీ ఒక్కొక్కటిగా కంప్యూటరులోకి ఎక్కించింది. ఎక్కించిన అట్టల్ని ఆయన దాచుకోలేదు. మంచి దళసరి అట్ట అని జోళ్ళ అడుగున పొరగా పెట్టి కుట్టేశాడు. ఎవరి అట్ట వాళ్ళ పాదం కిందే అరిగిపోయింది.

ఇప్పుడు ఆయన కళ్ళకి మసక. సూది దారం ఎక్కించడానికి కూతురు కావాలి. పాదాన్ని చూసి గీత గీసే పని ఆయన వల్ల కాదు. కంప్యూటరులో పేరు వెతికి మీట నొక్కితే బల్ల తోలు కోస్తుంది, ఆయన తడుముకుంటూ కుడతాడు. చేతులకి కుట్టు ఇంకా గుర్తుంది. గీతలు ఉన్నంతకాలం ఆయనకి పని ఉంది. గీతలు లేకపోతే రేపటి నుంచి దుకాణం తెరవక్కర్లేదు.

“బడిలో గంట కొట్టే ఆవిడ పొద్దున్న వచ్చి కూర్చుంది,” అన్నాడు బాబాయ్. “పాత జోడు అడుగు ఊడిపోయింది. దానికి గుడ్డ చుట్టుకుని మెట్లెక్కింది. సాయంత్రానికి కుట్టి ఇస్తానని చెప్పి పంపాను.”

“అలా ఎందుకు చెప్పారు మావయ్యా?” అన్నాడు అల్లుడు.

“నువ్వు చెప్పావుగా, సాయంత్రానికి అయిపోతుందని. నువ్వు చెప్పి నాలుగు రోజులైంది. ఏ సాయంత్రమో అడగలేదు, అది నా తప్పే.”

అక్క ఆ డిస్కుని తన యంత్రానికి తగిలించింది. దానిమీద ఒక్క అక్షరం కూడా రాయడానికి వీల్లేకుండా అడ్డు పెట్టింది. ముందు మొత్తం డిస్కుని ఉన్నదున్నట్టు వేరే డిస్కు మీదికి నకలు తీయడం ఆమె పద్ధతి. చేసే ప్రయోగాలన్నీ నకలు మీదే. అసలుదాన్ని మళ్ళీ ముట్టుకోదు. నకలు మొదలైంది. తెరమీద పచ్చగీత చీమలా కదులుతోంది.

“ఇప్పుడు చెప్పు తమ్ముడూ,” అంది అల్లుడి వైపు తిరిగి. “ఏం చేశావో వరసగా చెప్పు. సిగ్గుపడి ఏదైనా మింగితే నాకు దారి దొరకదు.”

అల్లుడు బస్సు డిపోలో గుమాస్తా. నెమ్మదైనవాడు. మావగారి కంప్యూటరు ఈమధ్య నత్తలా నడుస్తోందని, సి డ్రైవ్ నిండిపోయిందని భార్య చెబితే, తనే సరిచేద్దామనుకున్నాడు. ఒకే డిస్కులో రెండు గదులు: ముందు గది సి, అందులో కంప్యూటరు నడిచే సరంజామా; వెనక గది డి, అందులో పాదాల గీతలు. ముందు గది ఇరుకు, వెనక గదిలో సగం ఖాళీ. మధ్య గోడని కాస్త వెనక్కి జరిపితే ముందు గది పెద్దదవుతుంది. వీడియో చూసి నేర్చుకుని, పెన్‌డ్రైవ్‌తో యంత్రాన్ని లేపి, ఆ పని మొదలుపెట్టాడు.

“అది మామూలుగా చేసేదే,” అంది అక్క. “నేనూ అలాగే చేస్తాను. కాకపోతే ముందు నకలు తీస్తాను.”

“ఆ ముక్క వీడియోలో కూడా చెప్పాడక్కా. అంత పెద్ద డిస్కు నా దగ్గర లేదు.”

“సరే. తర్వాత?”

“చాలా సేపు పడుతుందని చూపించింది. నాకు డ్యూటీ టైమైంది. మావయ్యకి చెప్పాను, కీబోర్డు, మౌసు ముట్టుకోవద్దని. వాచ్‌మన్ రోజూ మూసే వేళకి మెయిన్ తీసేస్తాడు కదా, ఆ ఒక్క పూట మన లైను తీయొద్దని బతిమాలాను. తీయలేదు. నేను మళ్ళీ అడిగి కనుక్కున్నాను. అయినా పొద్దున్న వచ్చి చూస్తే నల్ల తెర. స్టార్ట్ కాలేదు.”

“ఆ తర్వాత?”

“సిస్టం పోయిందనుకుని మళ్ళీ కొత్తగా ఎక్కించాను. సి పక్కన ఖాళీ అని చూపించిన జాగాని కూడా దాంట్లో కలిపేసి, ఆ పెంచిన సి లోనే. అప్పుడు లేచింది. లేచింది గానీ డి కనిపించలేదు. డిస్కు మొదట్లో ఒక చిన్న ముక్క ఉంది, పేరు కూడా లేదు. అదే అడ్డమేమోనని తీసేశాను. అప్పట్నుంచి అసలు లేవడమే మానేసింది.”

“తాళంచెవి అడ్డంగా ఉందని విసిరేసి తలుపు రావట్లేదంటే ఎలా తమ్ముడూ,” అంది అక్క, కోపం లేకుండా. “స్టార్ట్ అయ్యేటప్పుడు యంత్రం మొట్టమొదట చూసేది ఆ చిన్న ముక్కనే. అది మళ్ళీ కట్టొచ్చు. దాని గురించి దిగులు లేదు.”

“మరి దేని గురించి?” అన్నాడు బాబాయ్.

పచ్చగీత చివరికి చేరింది. ఆమె అసలు డిస్కుని ఊడదీసి, గుడ్డలో చుట్టి, పక్కన పెట్టింది. నకలుని తెరిచి చూసింది.

తెరమీద అంకెలు వరసలు వరసలుగా దొర్లాయి. బాబాయ్‌కి అవి కనబడవు, అల్లుడికి కనబడినా తెలియవు. అక్క వేలితో తెరమీదే కొలుచుకుంటూ చదువుకుంది. గోడ జరగాలంటే వెనక గదిలోని సామానంతా వెనక్కి జరగాలి. ఆ పనిముట్టు చివరినుంచి మొదలుపెట్టి, ఒక్కొక్క మూటా ఎత్తి వెనక్కి పెడుతూ ముందుకొస్తుంది. కొంత సామాను కొత్త చోటికి చేరింది. కొంత పాతచోటే ఉంది. ఎక్కడ ఆగిందో ఆమెకి దొరికింది. కత్తితో కోసినట్టు ఆగింది.

“బాబాయ్, కరెంటు పోలేదు, మెయిన్ తీయలేదు. మరి ఇది మధ్యలో ఎందుకాగింది?”

“నన్నడిగితే? నేను ముట్టుకోలేదమ్మాయ్. ఆ బల్లమీదున్నవేవీ ముట్టుకోలేదు. అల్లుడుగారు చెప్పారుగా, లక్ష్మణరేఖ గీసుకుని కూర్చున్నా.”

“దుకాణం మూసేటప్పుడు?”

“మూసేటప్పుడు ఏముంది. లైట్లు ఆర్పాను. ఫ్యాను ఆర్పాను. రోజూలాగే దాన్ని పడుకోబెట్టి, షట్టరు దించి ఇంటికెళ్ళాను.”

పైన ఎవరో మెట్లు దిగారు, స్క్రూడ్రైవర్లు వణికాయి.

ఆ భవనంలో అందరికీ ఒకటే అలవాటు. వాచ్‌మన్ ఈల వేశాడంటే మెయిన్ తీయబోతున్నాడని లెక్క. ఈల వినగానే పిండిమరలో, ఫోటోల కొట్టులో, అన్నిచోట్లా కంప్యూటరు డబ్బా మీది మీట నొక్కి పడుకోబెడతారు. ఆ చెయ్యి మనిషిని అడగదు, ఈల వింటే దానంతటదే వెళుతుంది. బాబాయ్ కీబోర్డు ముట్టుకోలేదు, మౌసు ముట్టుకోలేదు. బల్ల కింద ఉన్న డబ్బా మీట నొక్కాడు. కళ్ళు కనపడకపోయినా ఆయన వేలు గురి తప్పదు.

ముందు అర్థమైంది అల్లుడికి. గుమ్మాన్ని పట్టుకుని తల దించుకున్నాడు. నాలుగు రోజుల నుంచి ఇంట్లో మావగారు దెప్పిన ప్రతి మాటా వింటూ వచ్చాడు. ఇప్పుడు ఎదురు దెప్పడానికి చేతికి ఆయుధం దొరికినా, దాన్ని ఎత్తడం అతనికి చేతకాలేదు.

“ఏంటి, ఏమైంది?” అన్నాడు బాబాయ్. “ఇద్దరూ అలా బిగుసుకుపోయారేం?” తర్వాత ఆయన చెయ్యి తన మోకాలి పక్కకి దిగి, గాలిలో ఒకచోట ఆగింది. వేలు ముందుకి వంగింది. “ఓహో,” అన్నాడు.

“అంత మాత్రానికే పోలేదు బాబాయ్,” అంది అక్క. మాటలతో ఓదార్చడం ఆమెకి రాదు, చూసిందే చెప్పింది. “అప్పుడే నా దగ్గరికి తెచ్చుంటే కుట్టేసేదాన్ని. కొత్తచోటికి చేరినదాన్ని, పాతచోట మిగిలినదాన్ని, ఆగినచోట అతుకు వేస్తే సరిపోయేది. ఏమీ పోయుండేది కాదు.”

“అయితే వెయ్యి అతుకు.”

“అతుకు వెయ్యడానికి రెండు ముక్కలుండాలి బాబాయ్. పాతచోట మిగిలిన ముక్క ఇప్పుడు సి లో ఉంది. దానిమీద కొత్త సిస్టం ఎక్కింది.”

గోరుచుట్టు మీద రోకటిపోటంటే అదే. బాబాయ్ నొక్కకపోతే పని పూర్తయ్యేది. అల్లుడు మళ్ళీ ఎక్కించకపోతే అతుకు పడేది. ఇద్దరూ మంచికే చేశారు. తిలా పాపం తలా పిడికెడు అని నలుగురూ నవ్వుతూ అనే మాట, మెట్ల కింద ఆ జాగాలో నవ్వొచ్చేది కాదు.

“మొత్తం పోయిందా?” అన్నాడు అల్లుడు.

“మొత్తం పోదు. ఎంత వస్తే అంత తీస్తాను. మీరు వెళ్ళి టీ తాగి రండి.”

“నేనిక్కడే ఉంటా,” అన్నాడు బాబాయ్.

అక్క ముందు స్టార్ట్ కాకపోవడం సంగతి చూసింది. నకలు డిస్కు మొదట్లో చిన్న ముక్కని మళ్ళీ కట్టింది. లేవగానే ఎక్కడికెళ్ళి ఎవర్ని పిలవాలో అందులో రాసింది. మొదటిసారి నల్లతెరే వచ్చింది. రెండోసారి వేరే మాటతో నల్లతెర వచ్చింది. మాట మారితే మంచిదేనని ఆమెకి తెలుసు, ఒక తలుపు తెరుచుకుని రెండో తలుపు దగ్గర ఆగిందని అర్థం. సి కి పడిన పాత గుర్తింపు అంకెని సరిచేసి మళ్ళీ లేపింది. తెర నీలంగా వెలిగింది. కోత బల్ల ప్రోగ్రాం సీడీ బాబాయ్ సంచిలోనే ఉంది, దాన్నీ ఎక్కించింది. అల్లుడు ఆ వెలుగుని చూసి ముందుకి వంగాడు.

“లేచింది మావయ్యా,” అన్నాడు.

“లేచి ఏం చేస్తుంది,” అన్నాడు బాబాయ్.

తర్వాత అక్క వెనక గదికి వచ్చింది. పేర్ల పట్టిక పోయింది, అది పాతచోటే ఉండిపోయిన ముక్కలోది. కొత్తచోటికి చేరిన మేరలో ఒక్కొక్క గీతనీ దాని ఆకారాన్ని బట్టి వెతికి, మొదలు చివరా పట్టుకుని బయటికి లాగాలి. అదృష్టవశాత్తూ కూతురు ప్రతి గీత లోపల కూడా ఎవరిదో రాసిపెట్టింది. ఒకటి దొరికింది. తర్వాత ఇంకొకటి. కాసేపటికి తెరమీద పాదాలు ఒకదాని కింద ఒకటి పేరుకున్నాయి. అల్లుడి ముఖం విప్పారింది.

“చాలా వస్తున్నాయి మావయ్యా. చదవనా? చెట్టుకింద మంగలి, కుడి. ఫోటోల కొట్టు పెద్దావిడ, ఎడమ. గంట ఆవిడ, కుడి.”

బాబాయ్ తల ఎత్తాడు. “గంట ఆవిడ ఎడమ చదువు.”

“కుడి ఉంది.”

“ఎడమ.”

అల్లుడు కిందికీ పైకీ వెతికాడు. అక్క కూడా వెతికింది. “కుడే ఉంది బాబాయ్,” అంది.

“మంగలిది ఎడమ ఉందా?”

“లేదు.”

“పెద్దావిడ కుడి?”

“లేదు.”

ఆయన అడగడం మానేశాడు. అక్క చేతులు మీటల మీద ఆగిపోయాయి. వచ్చిన పాదాలన్నింటినీ మరోసారి చూసింది. అన్నీ తీరైనవి. వేళ్ళు వరసగా, మడమ గుండ్రంగా, పెన్సిలుతో ఏ పిల్లాడైనా తన కాలు చుట్టూ గీసుకున్నట్టున్నాయి. వంకర ఒక్కదానిలోనూ లేదు.

“మొదట్లో వంకర కాలికి ఒక్కదానికే కుట్టేవాణ్ణి,” అన్నాడు బాబాయ్ నేలకేసి చూస్తూ. “మంచి కాలికి బజార్లో ఏదో ఒకటి కొనుక్కునేవాళ్ళు. రెండూ ఒకలా లేవని నలుగురిలో సిగ్గుగా ఉందని అడిగితే, ఆ తర్వాత ఎప్పుడో మంచి కాళ్ళవి కూడా గీయించాను. మా అమ్మాయి అవన్నీ చివర్లో ఎక్కించింది.”

చివర్లో ఎక్కించినవి డిస్కులో చివరన పడ్డాయి. చివరివే ముందు జరిగాయి, జరిగినవే బతికాయి. అక్కకి అది అంకెల్లో ముందే కనిపించింది, అర్థం మాత్రం ఇప్పుడు తెలిసింది. ఏళ్ళ తరబడి దిద్దిన ప్రతి పాదమూ పోయింది. ఎవరైనా కుట్టగలిగే పాదాలు మిగిలాయి.

“మళ్ళీ కొలతలు తీద్దాం మావయ్యా,” అన్నాడు అల్లుడు. “నేను గీస్తాను, మీరు చెప్పండి.”

“ఏం చెప్పను? నాకు కనపడితే కదా చెప్పడానికి. నీకు కనపడుతుంది, ఏం చూడాలో తెలీదు. మనిద్దరం కలిసి ఒక్క మనిషిమి కూడా కాం.” గొంతు తగ్గించి అన్నాడు, “నిన్ను అనడం లేదయ్యా. ఈ నాలుగు రోజులూ అన్నవి కూడా మనసులో పెట్టుకోకు.”

“నేనేం పెట్టుకోలేదు మావయ్యా.”

“పెట్టుకున్నా తప్పులేదు.”

అక్క ఇంకా వెతికింది. సి లో కొత్త సిస్టం తొక్కని సందుల్లో తుంపులు దొరికాయి. ఒక బొటనవేలి వంపు. ఒక మడమలో సగం. ఎవరిదో చెప్పడానికి వీల్లేని పక్క గీత. వాటిని ఒకదానితో ఒకటి కలిపి చూసింది, కలవలేదు. అయినా వాటన్నింటినీ వేరే సంచిలో పోసినట్టు ఒకచోట పోగుచేసింది. ఆ పని వల్ల ఏమీ రాదని తెలిసినా సగంలో వదలడం ఆమెకి చేతకాదు.

వెనక గదికి కొత్త గోడ కట్టి, వచ్చినవన్నీ పేర్లు పెట్టి అందులో సర్దింది. ఆ నకలు డిస్కునే సీపీయూలో బిగించింది. ఫ్యాను తుడిచింది. ఆపి, లేపి, మళ్ళీ ఆపి, లేపి చూసింది. ప్రతిసారీ తడబడకుండా లేచింది, మునుపటికన్నా చురుగ్గా. అల్లుడు మొదట కోరుకున్నది అదే. రేకు మూసి స్క్రూలు బిగించింది.

“అయిందా?” అన్నాడు బాబాయ్.

“నా చేతనైనంత అయింది. ఇది బాగా నడుస్తుంది. ముందు గది నిండదు ఇక.”

“దాంట్లో పెట్టడానికి ఏముందని నిండడానికి.” ఆయన లేచి, అలవాటుగా తల వంచి, గుమ్మం తడుముకున్నాడు. “గంట ఆవిడకి ఏం చెప్పాలో.”

అల్లుడు సీపీయూని భుజానికెత్తుకున్నాడు. అక్క గుడ్డలో చుట్టిన అసలు డిస్కుని తెచ్చి బాబాయ్ చేతిలో పెట్టింది.

“ఇది తెచ్చింది తెచ్చినట్టే ఉంది బాబాయ్. దీనిమీద నేను చెయ్యి పెట్టలేదు. ఇది మీది.”

ఆయన దాన్ని గుడ్డ మీదే తడిమి, అంచులు కొలిచినట్టు చూసుకున్నాడు. “దీన్ని ఇంకెవరైనా చూస్తే, నీకన్నా పెద్ద పనివాళ్ళు, ఏమైనా దొరుకుతుందా?”

ఆమెకి దొరుకుతుందేమో అనడం తేలిక. ఆ మాటతో ఆయన మెట్లెక్కగలడు.

“దొరకదు బాబాయ్,” అంది.

ఆయన తలూపి, డిస్కుని సంచిలో పెట్టుకుని, అల్లుడి మోచేయి పట్టుకుని బయటికి నడిచాడు.